పాత పెనం తేలిక

మార్చి ఇరవై, గురువారం. నేల రెండుసార్లు తుడిచాను. దుప్పటి ఉతికాను. కొత్త పెనం తోమి బోర్లించాను. వంట చేయలేదు.

మా బ్యాంకు ఫోన్‌లోనే ఉంటుంది. కార్డు నా దగ్గరే ఉన్నా, నేనేం కొన్నా కబురు మాత్రం మా ఆయన ఫోన్‌కి వెళుతుంది. అందుకే ఆయన గడప దాటేసరికే చెయ్యి లేచి ఉంటుంది.

నిన్నా అంతే. జుట్టు పట్టుకుని నా తల అల్మారాకేసి కొట్టాడు.

"ఎనిమిది వందలా! ఉన్న పెనానికి ఏం రోగమే?"

"మరీ తేలికండీ."

"నూటికి రూపాయి వెనక్కొస్తుందని కార్డు తీసుకుంటే, కొంప గుల్ల చేస్తున్నావు. ఈ డబ్బు ఎవడిస్తాడే, మీ బాబా?"

నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. పెనం పొయ్యి మీద లేదు, నా చేతిలో ఉంది. ఎత్తిన చేతి మీదే దించాను. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. ఆయన కింద పడ్డాక అదే చేతి మీద ఇంకో రెండు వేశాను.

ఈరోజు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. మెట్ల మీద జారిపడ్డానని డాక్టరుకు ఆయనే చెప్పాడు. ఇన్నేళ్లూ నేను చెప్పిన మాటే అది.

బిల్లు కార్డుతో కట్టాను. మంచం పక్కన ఆయన ఫోన్ మోగింది.

"ఎంత పోయిందో కాస్త చూసి చెప్పవూ," అన్నాడు, నా చేతుల వంక చూస్తూ.

"ఎనభై వేలు పోయాయండీ. ఎనిమిది వందలు వెనక్కొచ్చాయి."

పెనం బాకీ చెల్లు.