పప్పులో ఉప్పు

నర్సు నూకరత్నం నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. ఒళ్లు పులిసిపోతున్నా పప్పు వండి, భర్త పైడిరాజుకి వడ్డించి, "ఎలాగుందండీ?" అని అడిగింది.

పైడిరాజు కళ్లద్దాల్లో ఏదో ఆట చూస్తున్నాడు. అతని మెడలోని మాటపూస అతని గొంతుతోనే, "అమృతమే రత్నం!" అంది. మనిషి మూడు క్షణాలు పలక్కపోతే పూసే పలుకుతుంది. ఊళ్లో ఇప్పుడు పూస లేని మెడ లేదు.

ఆ రోజు ఆమె కావాలనే ఉప్పు వెయ్యలేదు. విసుగ్గా స్నానానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చి, కళ్లద్దాల్లో వార్డు జాబితాలు చూసుకుంటూ నాలుగు ముద్దలు మింగి పడుకుంది.

నాలుగు రోజులు ఉప్పు వెయ్యలేదు. నాలుగు రోజులూ అమృతమే. అయిదోనాడు ఉండబట్టలేక భర్త కళ్లద్దాలు లాగేసింది.

"నాలుగు రోజుల్నించీ పప్పులో ఉప్పు నేదు. తెలిసిందేటండీ మీకు?"

చాలా రోజులుగా వాడని గొంతు సవరించుకుని, పైడిరాజు నెమ్మదిగా అన్నాడు.

"తొలిరోజే తెలిసింది. నువ్వు తానానికెళ్లినప్పుడల్లా నేనే ఏసి కలిపాను. నువ్వూ అదే గిన్నెలోది తిన్నావు కదా. ఉప్పెవరేసారని ఒక్కరోజైనా అడుగుతావని చూశాను."

నూకరత్నం నిన్నటి పప్పు రుచి గుర్తు తెచ్చుకోబోయింది. ఎంతకీ రాలేదు. ఈలోగా మూడు క్షణాలు గడిచిపోయాయి.

"చాలా థాంక్సండీ!" అంది ఆమె మెడలోని పూస, హుషారుగా.