పది క్రోనర్ల తేడా

ఇంగెలాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్తుంది, ట్రామ్ మలుపు తిరిగేదాకా చూస్తుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కాఫీ చల్లారిపోయింది. దాల్చినచెక్క బన్ను కొరికింది కొరికినట్టే ఉంది. ఇంకాసేపట్లో ఇంటర్వ్యూకు పిలుస్తారు.

గోథెన్‌బర్గ్‌లోని ఆ కంపెనీ బొమ్మలు గీసే, ఫొటోలు దిద్దే, వీడియోలు కూర్చే ప్రోగ్రాములు అమ్ముతుంది. దేన్ని దేనితో కలిపి ఏ ధరకు అమ్మాలో తేల్చే విభాగంలో ఇంగెలా పదకొండేళ్లుగా ఉంది. ఆ విభాగం పెద్ద కుర్చీ రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ బయటివాళ్లొచ్చి కూర్చున్నారు. ఈసారి కూడా తప్పిపోతే ఇక ఆ ఆఫీసులో తలెత్తుకు తిరగలేదు.

నిజానికి ఈసారి ఆమె దరఖాస్తే పెట్టలేదు. డైరెక్టర్ ఉల్ఫ్ తనంతట తనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

“మెల్కర్ అని ఓ కుర్రాడున్నాడు, నెలకు నలభై వేలకే చేస్తానంటున్నాడు. మా పాత ఆఫీసు నుంచి తిల్దా వస్తోంది. నువ్వూ రా. నువ్వు లేకపోతే కుదరదు.”

“ఈసారీ నన్ను నవ్వులపాలు చెయ్యవు కదా?”

“ఛ, ఏం మాటలవి. అరవై తొమ్మిది వేలు అడుగు. ఒక్క క్రోనా తగ్గకు. నీ పని నాకు తెలియదా?”

పదకొండేళ్లలో ఆమెతో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆ సాయంత్రమే అరవై తొమ్మిది వేలని కాగితం మీద రాసిచ్చి, ట్రామ్ సంగతే మరిచిపోయి ఇంటిదాకా నడిచి వెళ్లింది.

పిలుపొచ్చింది. లోపల బోర్డు సభ్యులు. వాళ్లలో పెద్దావిడ గున్వోర్ కళ్లజోడు సర్దుకుని, ఇంగెలా తయారుచేసిన ధరలు చూసింది.

“నాకొకటి అర్థం కాలేదమ్మాయ్. బొమ్మల ప్రోగ్రాము ఒక్కటైతే నూట యాభై. దానికి ఫొటోలది కలిపితే మూడొందల తొంభై. మొత్తం అన్నీ అయితే నాలుగొందలు. పది క్రోనర్లు మిగుల్చుకోడానికి ఆ మధ్యది ఎవరు కొంటారు?”

ఇంగెలా ఆ రోజు మొదటిసారి నవ్వింది.

“ఎవరూ కొనరండీ. కొంటారని పెట్టలేదు. అది లేకపోతే జనం చౌకదానివైపే పోతారు. అది పక్కన ఉందనుకోండి, నాలుగొందలది ఊరికే వస్తున్నట్టుంటుంది.”

“గడుసుపిండానివే,” అంది గున్వోర్. అందరూ నవ్వారు. ఉల్ఫ్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఆమె బయటికి రాగానే తిల్దా లోపలికి వెళ్లింది. మళ్లీ కిటికీ, మళ్లీ ట్రామ్. తలుపు తెరుచుకునేసరికి ఇంగెలాకు కొరకడానికి గోళ్లు మిగల్లేదు. గున్వోర్ వచ్చి భుజం తట్టింది. ఆ తట్టడంలోనే సంగతి తెలిసిపోయి, ఇంగెలాకు ఏడుపు ముంచుకొచ్చింది.

“తిల్దాను తీసుకున్నామమ్మా.”

“నేనెక్కడ తప్పాను?”

“నీ తప్పేం లేదు. పొద్దుటిదాకా మేమంతా ఆ చౌక కుర్రాడివైపే ఉన్నాం. తిల్దా డెబ్బై వేలు అడిగింది, ఎవరిస్తారంత? నీకొచ్చిన పనంతా ఆవిడకూ వచ్చు, పైగా జర్మన్ వచ్చు, అమ్మకాలూ చూసింది. ఉల్ఫ్ నీ అరవై తొమ్మిది వేల కాగితం తెచ్చి పక్కన పెట్టేసరికి, ఆవిడ మాకు ఊరికే వస్తున్నట్టనిపించింది.”