గాలిని చూసినవాడు

గోడకు అంటించిన కొత్త పరిశోధన పోస్టరు మీద ప్రసన్నకుమారి పేరు లేదు. ఆమె పీహెచ్‌డీ గైడు మోహన్‌కృష్ణ పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది.

గాజుపెట్టెలో గొట్టాలు వరుసగా నిలబెట్టింది ఆమె. ఫ్యానుతో పొగ పంపి, పలుచటి పచ్చని లేజర్ వెలుగులో ఏ గొట్టం వెనక గాలి ఎట్లా సుడి తిరుగుతుందో ఫొటోలు తీసింది ఆమె. ఈ రెండేళ్లలో ఆయన ఆ తిరుపతి కాలేజీ ల్యాబు గడప తొక్కింది లేదు.

"నా పేరు యాడ సార్?" అని అడిగింది.

"మీ నాయన నగరిలో చీరలు నేస్తాడు గదా. చీర మీద ఆయన పేరుంటాదా, అంగడి పేరుంటాదా?" మోహన్‌కృష్ణ నవ్వాడు. "ఇదీ అంతే. పోయి నీ పని సూసుకో."

తనను అని ఉంటే దిగమింగేదేమో. నాయనను అన్నాడు. అయినా తల ఊపింది. ల్యాబుకే రాని మనిషికి ఏమేమి తెలియవో ఆమెకు తెలుసు.

పనిని చూసిపోవడానికి ఇద్దరు నిపుణులు ల్యాబుకు వచ్చారు, వాళ్ల వెంట మోహన్‌కృష్ణ కూడా. వాళ్లు సరే అంటే అదంతా ఇక మోహన్‌కృష్ణదే. ప్రసన్న అందరికీ లేజర్ కళ్లద్దాలు ఇచ్చింది. దీపాలు ఆర్పి ఫ్యాను వేసింది. గది హోరెత్తింది. ఆమె చేతులు కట్టుకుని పక్కన నిలబడింది.

నిపుణులు కంప్యూటరు తెర వైపు తిరిగారు. మోహన్‌కృష్ణ ఒక్కడే గాజుపెట్టె ముందుకు పోయి చెయ్యి చాపాడు.

"సూడండి మేడమ్, మూడో గొట్టం ఎనకాల సుడి ఎంత సక్కగా తిరగతా ఉండాదో. దాని పక్కన ఇంకొకటి."

"అద్దాల్లోంచి బాగా కనబడుతోందా సార్?" అని అడిగింది నిపుణురాలు ఉదయలక్ష్మి.

"రెండేండ్లుగా సూస్తానే ఉండాను గదా మేడమ్."

ఆవిడ తన కళ్లద్దాలను వేలితో తట్టింది. "పచ్చ వెలుగు కంట్లో పడకుండా ఆపేదానికే ఈ అద్దాలు. వీటిలోంచి ఆ సుడులు కనబడవు. అందుకే మేము తెర మీద చూస్తాము."

మోహన్‌కృష్ణ ప్రసన్న వైపు తిరిగి, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు. "నువ్వు సెప్పమ్మా. నేను సెప్పినట్టే సుడులు తిరగతా ఉండాయి గదా?"

"ఏమో సార్," అంది ప్రసన్న వినయంగా. "లేజర్ ఇంకా వేయనే లేదు."