కూసోని మూత

“దీనికి మొఖం దొరుకుతదా?”

జీపు దిగిన మనిషి డాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. దుబాయి టేప్ రికార్డర్. మీటలూ అంకెలూ ఉండాల్సిన ముందరి మూత లేదు. ఆ చోట నల్లటి గుంత, లోపల వరసగా పిన్నులు, ఎడమ మూలలో విరిగిన ప్లాస్టిక్ కొండి ముక్క.

కనకయ్య చేతిలోని టెస్టర్ పక్కన పెట్టాడు. జీపుకు ముందూ వెనకా నంబరు లేదు. వెనక సీట్లో ఇద్దరున్నారు. మామూలు అంగీలు, కాళ్లకు మాత్రం బూట్లు. కోరుట్లలో అలాంటి జీపు ఆగితే పక్క దుకాణాలవాళ్లు లోపలికి పోయి ఏదో ఒక పని వెతుక్కుంటారు. ఇప్పుడూ అదే జరిగింది. ఎదురుగా చాయ్ హోటల్లో రేడియో కూడా గొంతు తగ్గించుకుంది.

“దొరుకుడు కష్టమే సార్. ఏ సెట్టు మూత ఆ సెట్టుకే కూసుంటది. కంపెనీ ఒక్కటైనా, మోడల్ మారితే పిన్నులు కలువయి.”

“కారు కరెంటు పనికి నువ్వే మొనగానివని జగిత్యాలల చెప్తే వచ్చినం. సిరిసిల్ల దాక పోవాలె. క్యాసెట్ లోపల్నే ఇరికింది. పాట లేకుంటే మావోళ్లకు తొవ్వ సాగది.”

వెనక సీట్లో ఒకడు నవ్వాడు.

“ఎట్ల పోయింది సార్ మూత?”

“గుంతల రోడ్డు గదా. ఊడి పడ్డది.”

“కుదుపులకు ఊడది సార్. ఎవలన్న పట్టి గుంజితెనే...”

అనేశాక కనకయ్య నాలుక కరుచుకున్నాడు. వెనక సీట్లో నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“శానా తెలుసురా నీకు. దుకాణంల ఒక్కనివేనా?”

“తమ్ముడుంటుండె. ఎల్లేశం. ఇప్పుడు లేడు.”

“ఏడికి పోయిండు?”

“లోపలికి పోయిండంటున్నరు.”

లోపలికంటే అడవిలోకి, అన్నల దగ్గరికి. ఆ రోజుల్లో ఆ మాటకు ఇంకో అర్థం లేదు.

“అంటున్నరా, పోయిండా?”

కనకయ్య పక్కన పెట్టిన టెస్టర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అతనికీ తెలియదు. పసుపు తవ్వేటప్పుడు బాయి కాడికి పోయిన ఎల్లేశం, ఆ పసుపు మెట్‌పల్లి మార్కెట్‌లో అమ్ముడుపోయినా ఇంటికి రాలేదు. మోటరు దగ్గర అతని చెప్పు ఒకటి దొరికింది. ఠాణాలో అడిగితే, మేం తేలేదన్నారు. దళంలో కలిశాడని ఊరంతా చెప్పుకుంది. తల్లి మొగిలవ్వ ఆ మాటనే పట్టుకుంది. లోపలికి పోతే బతికున్నట్టే. ఎప్పుడో ఒకప్పుడు అన్నానికి వస్తాడు. అందుకే ఆమె తలుపుకు గడియ పెట్టడం మానేసింది.

కనకయ్యకు మాత్రం అప్పటి నుంచి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. హారన్ మోగడం లేదని జీపు వచ్చినా, బ్యాటరీ దిగిపోయిందని కారు వచ్చినా, ముందు దాని టేపు వైపే చూసేవాడు. “తమ్ముడు అడివి పాలాయె, అన్న టేపుల పాలాయె” అని చాయ్ హోటల్ బుచ్చయ్య నలుగురిలో ఎకసెక్కాలాడేవాడు.

“ఏందిరా, గట్లనే నిలవడ్డవ్?”

“పాత మూత ఒకటున్నది సార్. పెట్టి చూస్త. కూసుంటే మీ నసీబు.”

దుకాణం వెనకే ఇల్లు. మొగిలవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“అవ్వా, గా మూత తే.”

ఆమె వేళ్ల మధ్య బీడీ ఆగిపోయింది. “ఎవలొచ్చిండ్రు కొడుకా?”

“జీపు.”

తునికాకుల కింది నుంచి ఆమె ఒక గుడ్డ మూట తీసింది. కనకయ్య అందుకున్నా, ఆమె వెంటనే వదల్లేదు.

“పైలం” అంది.

కనకయ్య జీపులోకి వంగాడు. వీపు అడ్డం పెట్టి మూతను గుంతకు ఆనించాడు. సరిగ్గా అప్పుడే అతనికి దగ్గు తెర వచ్చింది. గట్టిగా, ఊపిరాడనంతగా దగ్గాడు. దగ్గుతూనే మూతతో బయటికి వచ్చాడు.

“కూసుంటలేదు సార్.”

“ఇటు తే.”

ఆ మనిషి మూతను అటూ ఇటూ తిప్పాడు. గోటితో మీటలు గీకాడు. “మాదాని లెక్కనే ఉన్నది గదరా!”

“దుబాయి సెట్లన్నీ పైకి గట్లనే కనవడతయి సార్. లోపల పిన్నులే వేరు. దీనికి ఎడమ దిక్కు కొండి సుత లేదు.”

ఆ మనిషి ఒకసారి మూతను చూశాడు. ఒకసారి కనకయ్యను చూశాడు. కనకయ్య చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

“నాకు చాతగాదని చెప్పు, అయిపాయె” అని మూతను అతని మీదికి విసిరేశాడు.

కనకయ్య దాన్ని కింద పడనివ్వలేదు.

జీపు వేములవాడ రోడ్డు పట్టింది. దుమ్ము అణిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. ఎదురుగా రేడియో మళ్లీ పాట ఎత్తుకుంది.

లోపలికి వచ్చేసరికి మొగిలవ్వ చాట పక్కన పెట్టి లేచి నిలబడి ఉంది. చాలా రోజుల తర్వాత ఆమె మొఖం కాస్త తేటపడింది.

“కూసుంటలేదన్నవ్ గదా! విన్న కొడుకా, ఈడికే వినవడ్డది.”

కనకయ్య తలుపు దగ్గరికి వేశాడు. ఆమె తీసి ఉంచే గడియ పెట్టాడు. మూతను ఆమె చేతిలో పెట్టి, మెల్లగా అన్నాడు.

“కూసున్నదవ్వా, బాయి కాడ తమ్ముని చెప్పు పక్కన నీకు దొరికిన గీ మూత గా జీపుదే.”