పదో పేరు

నిర్మల గుడ్డల మూటను ఒక్కతే లాగుతూ మెట్లెక్కుతుంటే, వెనక నుంచి ఎవరో రెండో కొస పట్టుకున్నారు.

యాభై ఏళ్ల ఆడమనిషి. ఇదివరకు చూసిన ముఖం కాదు.

మూట పైకి చేరాక ఆమె అక్కడే నిలబడింది.

"పనేమన్న ఉంటదా అమ్మా? కాజాలు కుడ్త, గుండీలు కుడ్త."

ఇబ్రహీంపట్నం మార్కెట్ వెనక, మొదటి అంతస్తులో నిర్మలది యూనిఫాంలు కుట్టే దుకాణం. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. పని కావలసినంత ఉంది.

"నా దగ్గర తొమ్మిది మందే ఉండాలె. పదో మనిషిని పెట్టుకోను."

"ఎందుకట్ల?"

నిర్మల మూటను లోపలికి లాక్కుపోయింది. ఆ లెక్క ఆమెకు రమాకాంత్ చెప్పాడు. ఊళ్లోని చిన్న వ్యాపారాలకు పన్నుల కాగితాలు రాసిపెట్టేది అతనే.

"పదిమంది అయిండ్రంటే కార్మికుల బీమాల చేరాల్సిందే అక్కా. ఈఎస్ఐ అంటరు గదా, అది. జీతాల మీద నీ వాటా, వాళ్ల వాటా కలిపి నువ్వే కట్టాలె. నెలనెలా పదిహేనో తారీఖు లోపట పేరుపేరునా లెక్క పంపాలె. తప్పితే వడ్డీ, నోటీసు. ఒక్కసారి చేరినంక ఐదుగురే మిగిలినా ఇడిచిపెట్టరు."

అప్పటినుంచి నిర్మలకు తలలు లెక్కపెట్టడం అలవాటైంది. పొద్దున ఒకసారి, అన్నాలప్పుడు ఒకసారి. తొమ్మిది మందితో పని తెమలదు. పదో మనిషిని తెస్తే ఆ లెక్కలు తన వల్ల కావు. ఎటు జరిగినా గోడే తగులుతున్నట్టుండేది.

ఆ సాయంత్రం బడివాళ్లు ఫోన్ చేశారు. తెరిచే రోజుకు బట్టలు అందకపోతే పని ఇంకెవరికైనా ఇచ్చుకుంటామన్నారు.

మర్నాడు పొద్దున ఆమె మళ్లీ మెట్ల మీద కనబడింది.

"రా. గని పుస్తకంల నీ పేరుండదు. పైసలు చేతికే ఇస్త" అంది నిర్మల.

"పేరు రాస్తే మంచిగుండు."

"రాస్తే పనుండదు."

ఆమె కాసేపు కిందికి, వీధివైపు చూసింది. తర్వాత లోపలికొచ్చి సూది అందుకుంది. పేరు ఈదమ్మ అని, ఊరు రాయపోల్ అని చెప్పింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఎవరూ అడగలేదు కూడా. ఆమె వచ్చాక పని ముందుకు కదిలింది. ఆ తొమ్మిది మందిలో ఒకరైన స్వప్న తప్పుగా కాజాలు కుట్టిన చొక్కాలన్నీ నిర్మల కంట పడకముందే విప్పి, తనే మళ్లీ కుట్టిపెట్టింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం బీమా ఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఎంతమంది పనిచేస్తున్నారు?"

"తొమ్మిది మంది సార్."

అతను పెన్నుతో చూపిస్తూ లెక్కపెట్టాడు. పెన్ను ఈదమ్మ దగ్గర ఆగింది.

"మరి ఈమె?"

గదికి ఉన్నది ఒకటే గుమ్మం. అందులో అతనే నిలబడి ఉన్నాడు.

"మా చుట్టం సార్. చూసిపోదామని వచ్చింది."

అతను ఈదమ్మ వైపు తిరిగాడు.

"నిజమేనా అమ్మా? భయపడకు. పనిచేస్తున్నానని చెప్తే ఇప్పుడే నీ పేరు రాసుకుంటా. రేపు ఒంట్లో బాగాలేకపోతే దవాఖాన ఉంటుంది. పనిలో ఏమన్నా జరిగితే ఇంట్లోవాళ్లకు పింఛను వస్తుంది."

తొమ్మిది తలలూ ఈదమ్మ వైపు తిరిగాయి.

ఈదమ్మ ఒళ్లోని చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"నేను పనిదాన్ని గాదు సారూ. ఈమె మా చిన్నమ్మ బిడ్డ. ఊకె కూసునుడెందుకని గుండీలు కుడుతున్న."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. తొమ్మిది అని రాసుకుని వెళ్లిపోయాడు.

అతని బండి చప్పుడు దూరమయ్యాక ఈదమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

"ఎటు పోతున్నవ్?" అంది నిర్మల.

"ఆయన మళ్లొస్తడు. నేను మళ్ల కండ్లవడితే నీకే తిప్పలు."

"నిజం చెప్తే నీకు మంచిగుండు గదా. ఎందుకు చెప్పలే?"

"నీది మూతవడితే వీళ్లు తొమ్మిది మంది ఏడికి పోవాలె?"

ఆగు అనే మాట నోటిదాకా వచ్చింది. నిర్మల అనలేదు. ఆమె మెట్లు దిగుతుంటే అలవాటుగా గదిలోకి చూసి తలలు లెక్కపెట్టుకుంది.

బట్టలు అందాయి. బడులు తెరిచారు. నిర్మలకు మాత్రం ఊపిరాడలేదు. మెట్ల మీద ఏ అడుగు వినబడినా ఉలిక్కిపడేది. ఆ అడుగు ఆఫీసరుదేమోనని సగం భయం. ఈదమ్మది కాదే అని మిగతా సగం.

నెల తిరక్కముందే రమాకాంత్‌ను పిలిపించింది.

"పదిమందిని రాయి తమ్మీ. నెలనెలా లెక్క పంపుడు నేర్చుకుంట. ఈదమ్మ పేరు ముందుగాల రాయి."

"ఆమె ఆధార్ కావాలె అక్కా."

నిర్మల ఆ రోజే రాయపోల్ వెళ్లింది. ఈదమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి యాదలక్ష్మి బయటికొచ్చింది.

"ఖాళీ జేసి పోయింది. ఎటు పోయిందో ఎవ్వరికి చెప్పలే. కేసు కొట్టేసినంక ఈడుండి ఏం జేస్తది?"

"ఏం కేసు?"

"నీకు తెల్వదా? ఆమె పెనిమిటి పైపుల షెడ్డుల కరెంటు షాకు కొట్టి సచ్చిపోయిండు. సేటేమో వాడు మా పనోడే గాదన్నడు. కాగితాలల్ల ఏడ లేడాయె, పింఛను రాలే."

"పక్కన పనిచేసినోళ్లు చెప్పలేదా?" అంది నిర్మల.

యాదలక్ష్మి తాళం వైపు చూసింది.

"పని పోతదని ఒక్కరు నోరిప్పలే బిడ్డా. నా మొగడు మీతోని పనిచేసిండని ఒక్కరన్న సాక్ష్యం చెప్పుండ్రని, ఆరేండ్లు వాళ్ల ఇండ్ల చుట్టు తిరిగింది."