కాగితం లేని పన్నెండేళ్లు

"కాగితం ఉందా?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండానే.

"లేదు బాబూ. నాకు చదువు రాదు," అన్నాడు ముసలాయన.

ఆఫీసంతా ఉలిక్కిపడింది. ఆయన గొంతు అలాంటిది. మెల్లగా మాట్లాడమంటే "అలాగే" అని గట్టిగా అరిచేవాడు. మైకు తాత అని పేరు పెట్టేశారు.

గుమాస్తాకి తల దువ్వుకునే తీరిక లేదు. జనన మరణాల రిజిస్టరు ఆయన అసలు పని. దానికి తోడు పద్దెనిమిదూళ్ల బోర్డు చరిత్ర రాసే పని నెత్తిన పడింది. ఆ బోర్డుని పట్నంలో కలిపేసి ముప్పై ఏళ్లయింది. ఏ ఊరికి రోడ్డు ఎప్పుడు పడిందో, ఏ బావి ఎవరడిగితే తవ్వారో రాయాలి. తీరా చూస్తే చివరి పన్నెండేళ్ల తీర్మానాల పుస్తకాలు చెదల పాలయ్యాయి. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఆయనకి మహా ఉబలాటం. ఆ ఖాళీ మాత్రం పంటి కింద రాయిలా తగులుతోంది.

"బోర్డు సంగతులు నేను చెబుతా, రాసుకో," అని ముసలాయన నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పద్దెనిమిది ఊళ్ల ప్రజలకూ..."

అందరూ గొల్లుమన్నారు.

"తాతా, ఇది ఆఫీసు, సంత కాదు. నోటిమాటలు పట్టుకుని రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. కాగితం తీసుకురా, కుర్చీ వేసి మరీ రాసుకుంటా."

నాలుగు రోజులు వచ్చాడు. నాలుగు రోజులూ అదే మాట విని వెళ్లాడు. అయిదో రోజు రాలేదు. అమ్మయ్య అనుకున్నాడు గుమాస్తా.

పుస్తకం అచ్చయింది. 'చివరి పన్నెండేళ్ల తీర్మానాలు తెలిసినవారు నేడు ఎవరూ లేరు' అని ఒక్క వాక్యంతో ఆ ఖాళీ పూడ్చేశాడు.

ఆ పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండగా నడివయసు ఆవిడ వచ్చింది.

"మా నాన్న పోయారండీ. సర్టిఫికెట్ కావాలి. మీకు తెలిసే ఉంటుంది, ఆ మధ్య రోజూ ఇక్కడికి వచ్చేవారు. కాస్త గట్టిగా మాట్లాడతారు."

గుమాస్తాకి మనసులో చివుక్కుమంది. పాపం, ఒక్కసారైనా కూర్చోమనలేదే అనుకున్నాడు. రిజిస్టరు తీసి పేరు, వయసు రాసుకున్నాడు.

"ఏం పని చేసేవారమ్మా?"

"పాత బోర్డులో చివరి పన్నెండేళ్లూ చాటింపు వేసేవారండీ."

గుమాస్తా కలం ఆగిపోయింది.

"చదువు రాదు కదండీ, మీటింగులో ఏది తీర్మానించినా నాన్నకి చదివి వినిపించేవాళ్లట. పొల్లు పోకుండా అప్పజెప్పాకే ఊళ్లకి పంపేవాళ్లట."

"అవన్నీ... ఆయనకి గుర్తుండేవా?" అన్నాడు గుమాస్తా.

"మర్చిపోతానేమోనని ఆయనకి ఒకటే భయమండీ. పోయిన రోజు పొద్దున కూడా, వినేవాళ్లు ఎవరూ లేక, ఆ పన్నెండేళ్లవీ తారీకులతో సహా గోడకి అప్పజెప్పారు."