తెల్ల లైటు

న్యూజిలాండ్‌లోని పాపకూరలో జూలై అంటే చలికాలం, సాయంత్రం ఐదున్నరకే చీకటి. దామోదర్ గరాజ్‌లో తన పాత స్పోర్ట్స్ కారు తలుపు తెరిచిపెట్టి, లోపలి పసుపు బల్బు తీసి ఎల్‌ఈడీ బిగించాడు. వెలగ్గానే ముఖం చిట్లించాడు.

ఇన్నాళ్లూ శుభ్రంగా కనిపించిన పక్క సీటు నిండా జిగట మరకలు. వేలితో తాకితే గోరువెచ్చగా ఉన్నాయి.

సీటు కింద నాలుగు నిమ్మకాయలు. కారు కొన్న రోజు టైర్ల కింద తొక్కించమని భార్య విజయ ఇచ్చినవి. ఎదురింటి కివీ తెల్లాయన నవ్వుతాడని డాష్‌బోర్డు అరలో దాచేసి, తొక్కించానని చెప్పాడు. ఇప్పుడవి పిప్పి అయ్యేదాకా ఎవరో నమిలి ఉమ్మినట్టున్నాయి. తొక్కల మీద పళ్ల గాట్లు. గాట్లలో ఇంకా నురగ.

దిగి తలుపు గట్టిగా మూశాడు. లైటు ఆరిపోయింది.

"ఏమండీ, ఏంటా పుల్ల కంపు?" వంటింట్లోంచి విజయ అడిగింది.

"ఏం లేదు. పాత కారు కదా."

ఇంట్లోకి వెళ్లబోతుండగా ఎదుటి గోడ తెల్లగా వెలిగింది. కారు తలుపు తెరుచుకుంటే తప్ప ఆ లైటు వెలగదు.

వెనక ఎవరో చప్పరిస్తున్నారు. ఆగి, తుపుక్కున ఉమ్మారు.

నిమ్మగింజ ఒకటి వచ్చి తడితడిగా అతని మెడకు అంటుకుంది.